రిజిస్ట్రేషన్ బటన్‌లో తెగిన వత్తు: ఒక జూనియర్ వెబ్ డిజైనర్ కేసు

ఇంగ్లండ్‌లో ఒక చిన్న డిజైన్ టీమ్‌ని నడుపుతాను. వెబ్‌సైట్లు చేయడం, చేసేవాళ్ళని తీసుకోవడం నా ఉద్యోగం. ఆదివారాలు మాత్రం ఇక్కడ చదువుకుని ఉద్యోగం వెతుక్కునే మన పిల్లల పోర్ట్‌ఫోలియోలు, అంటే చేసిన పనులు చూపించే సైట్లు, చూస్తుంటాను. ఈ కేసులోని అమ్మాయిని ‘స’ అందాం. ఊరు, యూనివర్సిటీ, కంపెనీ, సంఘం వివరాలు తీసేశాను. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు చిన్న సంగతులు మార్చాను. రాసింది తనకి చూపించాకే బయట పెడుతున్నాను. రాయడానికి కారణం ఒక్కటే: ఇందులో పోయిన కాలంలో కొంత నా సలహాల వల్లే పోయింది.

నేపథ్యం

స కోస్తాలో ఒక మండల కేంద్రం నుంచి వచ్చింది. బీటెక్ ఈసీఈ. క్యాంపస్‌లో వచ్చిన ఆఫర్ లెటర్‌కి జాయినింగ్ డేట్ ఏడాదైనా రాలేదు. ఈలోగా ఒక కన్సల్టెన్సీ వాళ్ళు యూకేలో ‘డిజిటల్ మీడియా’ ఎంఏ చూపించారు. కోడింగ్ ఉండదు, క్రియేటివ్ ఫీల్డ్, అయిపోగానే వెబ్ డిజైనర్ ఉద్యోగం అన్నారట. ఇల్లు తనఖా పెట్టి లోన్ తీసుకున్నారు. 2023 సెప్టెంబరులో దిగింది.

ఆ కోర్సు పేరు చూసి మోసపోయేవాళ్ళు చాలామంది. ఇక్కడ ఎంఏ అంటే 180 క్రెడిట్లు, అందులో మామూలుగా 60 డిసర్టేషన్‌కి పోతాయి. మిగిలిన 120లో ఏముందన్నదే అసలు ప్రశ్న. డిజిటల్ మీడియా పేరుతో కొన్నిచోట్ల డిజైన్, ప్రోటోటైపింగ్ (నమూనాలు చేయడం), వీడియో నేర్పుతారు. కొన్నిచోట్ల సోషల్ మీడియా సమాజాన్ని ఎలా మారుస్తోందో చదివించి వ్యాసాలు రాయిస్తారు. స చేరింది రెండో రకంలో. చేతితో చేసే మాడ్యూల్ ఒక్కటే ఉంది, అదీ ఆప్షనల్. యూనివర్సిటీ దాచిందేమీ లేదు, మాడ్యూళ్ళ జాబితా వాళ్ళ సైట్‌లోనే ఉంది. కన్సల్టెన్సీలో ఎవరూ ఆ పేజీ తెరవలేదు, ఈ అమ్మాయీ తెరవలేదు.

చదివేటప్పుడు ఒక మంచి నిర్ణయం తీసుకుంది. ఒక షాపాయన వెబ్‌సైట్ చేసిపెడితే 200 పౌండ్లు చేతికిస్తానన్నాడు. స్టూడెంట్ వీసా మీద టర్మ్‌లో వారానికి 20 గంటలు ఉద్యోగం చేయొచ్చు గానీ సొంతంగా పని పట్టుకుని ఫ్రీలాన్స్ చేయకూడదు. రూమ్మేట్లు “ఎవరు చూస్తారే” అన్నారు. స వద్దంది. డిసర్టేషన్ రాసే ఎండాకాలం నెలల్ని సెలవులనుకుని ఫుల్ టైమ్ షిఫ్టులు చేసినవాళ్ళు నాకు తెలుసు. ఎంఏ వాళ్ళకి ఆ నెలలు కూడా టర్మ్ కిందే లెక్క. ఆ తప్పూ తను చేయలేదు.

2024 నవంబరులో రిజల్ట్ వచ్చింది. వెంటనే గ్రాడ్యుయేట్ రూట్‌కి, అంటే చదువయ్యాక రెండేళ్ళు ఇక్కడ ఉండి పనిచేసుకోనిచ్చే వీసాకి, దరఖాస్తు చేసింది. ఫీజు 822 పౌండ్లు, రెండేళ్ళ హెల్త్ సర్‌చార్జి 2,070 పౌండ్లు. ఆ డబ్బు కోసం వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్టులు చేసి దాచుకుంది. వీసా 2026 డిసెంబరు దాకా వచ్చింది.

నా దగ్గరికి వచ్చేసరికి

2025 ఫిబ్రవరిలో మొదటిసారి మాట్లాడాం. అప్పటికి వందకు పైగా అప్లికేషన్లు పెట్టింది. మూడు ఫోన్ కాల్స్ వచ్చాయి, ఒక్కటీ ముందుకు పోలేదు. ఇంటి దగ్గర ఈఎంఐ మొదలైంది. “మేడమ్, ఇంకో కోర్సు చేయనా?” ఇదీ తన మొదటి ప్రశ్న.

పోర్ట్‌ఫోలియో తెరిచాను. పదకొండు ప్రాజెక్టులు. సినిమాల యాప్‌కి నకలు, ఫుడ్ డెలివరీ యాప్‌కి కొత్త రంగులు, వాతావరణం చూపించే యాప్, ఆ తర్వాతవీ అలాంటివే. అన్నీ యూట్యూబ్ పాఠాల్లోంచి వచ్చినవి. అదే ఏడాది నేను చూసిన వేరే పోర్ట్‌ఫోలియోల్లో కూడా అదే వాతావరణం యాప్ అదే ఊదారంగులో ఉంది. పైన ఒక వీడియో తిరుగుతోంది. నా ఫోన్‌లో పేజీ తెరుచుకునేలోపు నేను టీ కప్పు కడిగేసి వచ్చాను. సర్టిఫికెట్లకి ప్రత్యేకంగా ఒక పేజీ, అందులో తొమ్మిది.

తన దృష్టిలో సమస్య ‘నైపుణ్యం చాలదు’. నా దృష్టిలో ‘పోర్ట్‌ఫోలియో బాగాలేదు’. ఇద్దరం తప్పే అనుకున్నాం అని తర్వాత తెలిసింది.

ఏం ప్రయత్నించాం, ఏవి పోయాయి

మొదటి సలహా: పదకొండులో మూడు ఉంచి మిగతావి తీసేయ్, వీడియో తీసేయ్. దీనివల్ల నష్టం లేదు, లాభమూ లేదు. నకలు పదకొండైనా మూడైనా నకలే కదా.

రెండో సలహా రియాక్ట్ (వెబ్ పేజీల కోడ్ రాసే సాధనం) నేర్చుకోమనడం. నా లెక్క ఇదీ: జూనియర్ ఉద్యోగాల ప్రకటనల్లో చాలావాటిలో రియాక్ట్ అడుగుతున్నారు, డిజైన్‌తో పాటు అది కూడా వస్తే తలుపులు పెరుగుతాయి. వినడానికి బాగుంది. కానీ నేను ఆలోచించనిది ఒకటుంది. మూడేళ్ళుగా కోడ్ రాస్తున్న కంప్యూటర్ సైన్స్ పిల్లలతో ఆరు వారాల రియాక్ట్‌తో పోటీపడమంటున్నాను. రాత్రంతా పెట్టెలు మోసి పొద్దున పాఠాలు చూసింది. ఏప్రిల్‌లో ఒక ఏజెన్సీ ఇంటికిచ్చిన టాస్క్ పూర్తి చేసింది, పని చేసింది కూడా. తర్వాత మాట్లాడేటప్పుడు అడిగారట: “ఈ ఫారంలో పేరు కంటే ముందు ఫోన్ నంబర్ ఎందుకు అడిగావు?” “డిజైన్‌లో అలా వచ్చింది” అంది. రెండు రోజుల్లో కుదరదని మెయిల్.

ఆ మెయిల్ నాకు పంపినప్పుడు నేను చదవాల్సింది ఆ ఒక్క ప్రశ్నే. చదవలేదు. “నిజమైన క్లయింట్ ఉంటే ఇలాంటివి తెలుస్తాయి” అని ఒక రెస్టారెంట్‌కి ఉచితంగా సైట్ చేయమన్నాను. గ్రాడ్యుయేట్ వీసా మీద ఉంది కాబట్టి నిబంధనల ఇబ్బంది లేదు. ఉన్న ఇబ్బంది వేరు. ఓనర్‌కి వారానికో మెనూ, రోజుకో ఫొటో. బిర్యానీ పెద్దగా కనపడాలి, కాదు ఇడ్లీ. ఐదు వారాలయ్యాక తేలిందేమిటంటే డొమైన్ పాస్‌వర్డ్ ఎప్పుడో మానేసిన అకౌంటెంట్ దగ్గరుంది. సైట్ ఇప్పటికీ బయటికి రాలేదు. ఎన్ని పేజీలు, ఎన్నిసార్లు మార్పులు, ఎవరి దగ్గర ఏముంది అని ఒక్క పేజీ రాసుకోమని మొదటిరోజే చెప్పాల్సింది నేను. పదేళ్ళుగా అలవాటైన పని కాబట్టి చెప్పాల్సిన విషయమని కూడా తోచలేదు.

మలుపు

మే నెలాఖరులో మాట్లాడుతూ ఊరికే అడిగాను. “నీ మొదటి కస్టమర్ ఎవరమ్మా?”

కాసేపు మాట లేదు. “అది చెప్పుకునేది కాదు అక్కా.” అప్పటికి మేడమ్ నుంచి అక్కకి వచ్చాం.

వాళ్ళ నాన్నగారిది ఫ్లెక్స్ షాపు. ఇంటర్ నుంచి బీటెక్ అయ్యేదాకా సాయంత్రాలు కోరల్‌డ్రా ముందు కూర్చున్నది ఈ అమ్మాయే. సీవీలో లేదు, పోర్ట్‌ఫోలియోలో లేదు. కన్సల్టెన్సీ వాళ్ళు “అలాంటివి రాయకండి, చీప్‌గా ఉంటుంది” అన్నారట.

చెప్పమన్నాను. బర్త్‌డే ఫ్లెక్స్ గురించి చెప్పింది. పది అడుగులకి ఆరు అడుగులు, నలభై రెండు ముఖాలు. ఒక నాయకుడి ఫొటో కన్నా పక్కూరి సర్పంచ్ ఫొటో అంగుళం పెద్దదైతే రాత్రికి షాపు ముందు గొడవ.

“మరి ఎలా సర్దేదానివి?”

“పై వరసలో పెద్దవాళ్ళు, వాళ్ళకి గుండ్రాలు అక్కా. మధ్యలో బర్త్‌డే అబ్బాయి నిలువెత్తు. కింద యూత్ అంతా ఒకటే సైజు చతురస్రాలు, వెనక ఒకటే రంగు. అందరివీ ఒకలా ఉంటే ఎవరూ అడగరు. ఎవరైనా అడిగితే పేర్ల అక్షర క్రమం అని చెప్పేదాన్ని.”

ఇంకోటి కూడా చెప్పింది. బైక్ మీద పోయేవాడికి మూడు పదాలకి మించి అందవు, కాబట్టి ఎన్ని విశేషణాలు పెట్టమన్నా పేరు, సందర్భం, తేదీ మాత్రమే దూరానికి కనిపించే సైజులో ఉండాలి. మిగతాదంతా కస్టమర్ తృప్తి కోసం కింద చిన్నగా.

ఏప్రిల్ ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్నకి జవాబు ఇలాంటిదే. ప్రతి నిర్ణయానికీ తన దగ్గర కారణం ఉంది. కాకపోతే అది ఫ్లెక్స్ దగ్గరే ఉండిపోయింది. వెబ్ పేజీలు గీసే ఫిగ్మా తెరవగానే ఆ బుర్ర పక్కన పెట్టి పాఠంలో చూసింది దించుతోంది. లోటు నైపుణ్యంలోనూ లేదు, పోర్ట్‌ఫోలియోలోనూ లేదు. తనకి బాగా తెలిసిన పనినే తను డిజైన్ అనుకోలేదు. నేనూ మూడు నెలలు అడగలేదు.

ఏ ప్రాజెక్టు, ఎందుకు

ఒక్కటే ప్రాజెక్టు చేద్దామన్నాను. ఏది? పేరున్న యాప్‌ని మళ్ళీ డిజైన్ చేయడం వద్దు, వాడేవాళ్ళు మనకి దొరకరు. నాన్నగారి షాపుకి సైట్ చేస్తానంది. అదీ వద్దన్నాను: ఇక్కడి నుంచి ఎవరు వాడుతున్నారో చూడలేం, పైగా ఆ షాపుకి వాట్సాప్ చాలు. ఉండే ఊళ్ళో తెలుగు సంఘం ఉంది. దాని సైట్‌ని జనం నిజంగా తెరుస్తారు, తిట్టుకుంటారు కూడా. దసరా, బతుకమ్మ కార్యక్రమం అక్టోబరు మొదట్లో. అంటే గడువుంది, వాడేవాళ్ళున్నారు, అడగడానికి కమిటీ ఉంది. ఈసారి ఒక పేజీ ఒప్పందం ముందే రాయించాను: మూడు పేజీలు, రెండు విడతల మార్పులు, పాస్‌వర్డ్‌లు మొదటిరోజే.

ఉన్న సైట్ అంటే ఐదు పోస్టర్లు, ఒకదాని కింద ఒకటి. ఇండియాలో ఎవరో డీటీపీ చేసి వాట్సాప్‌లో పంపిన జేపీజీలు. కార్యక్రమం సమయం, టికెట్ ధర, హాలు అడ్రసు అన్నీ బొమ్మలోనే. పోస్ట్‌కోడ్ కాపీ చేసి మ్యాప్‌లో వేసుకోవడానికి కూడా లేదు. తెలుగు చదివి వినిపించే సౌకర్యం ఫోన్‌లో ఉన్నా, బొమ్మలో ఉన్న అక్షరాల్ని అది నేరుగా చదవలేదు.

బొమ్మలే ఎందుకు పెట్టారో స వెంటనే చెప్పేసింది. డీటీపీలో వాడేది ‘అను’ అనే పేరున్న ఫాంట్లు, ఏ ఫోన్‌లోనైనా, కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్ అక్షరాలు కాదు. ఆ అక్షరాల్ని తెచ్చి వెబ్ పేజీలో అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలిసిన గజిబిజి వస్తుంది. అందుకే బొమ్మ చేసి పెట్టేస్తారు. ఈ సంగతి ఇక్కడి డిజైనర్‌కి తెలిసే అవకాశమే లేదు. తనకి చిన్నప్పటి నుంచి తెలుసు.

ముందు డిజైన్ వద్దు, చూడు అన్నాను. ఇక్కడే ఎంఏ పనికొచ్చింది. డిసర్టేషన్ కోసం మనుషుల్ని ఇంటర్వ్యూ చేయడం, సొంత మాటలు కలపకుండా రాసుకోవడం నేర్చుకుంది. పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్ళు నలుగురిని కూర్చోబెట్టి, ఫోన్ చేతికిచ్చి, దసరా ఎప్పుడో చూడమంది. ఒక పెద్దాయన రెండు వేళ్ళతో పోస్టర్ పెద్దది చేసి, పక్కకి జరిపి, దారి తప్పి, మళ్ళీ చిన్నది చేసి, చివరికి లోపలున్న కొడుకుని పిలిచారు: “ఒరేయ్, టైమ్ ఎన్నింటికిరా?” ఆ వాక్యమే తర్వాత పోర్ట్‌ఫోలియోలో ఈ ప్రాజెక్టు గురించి చెప్పే కేస్ పేజీకి మొదటి వాక్యమైంది.

బటన్

పేజీలన్నీ యూనికోడ్‌లోకి మార్చింది. కోడ్‌లో ఈ భాగం తెలుగు అని గుర్తు పెట్టింది, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ తెలుగు గొంతు ఎంచుకోవడానికి అది కావాలి. అంతా అయ్యాక నాకు స్క్రీన్‌షాట్ పంపింది. ‘రిజిస్ట్రేషన్’ అనే బటన్‌లో స్ట్రే కింద వత్తులు సగానికి తెగి ఉన్నాయి.

చూడ్డానికి చిన్న విషయం. మూడు రోజులు దాని మీదే ఉన్నాం, పోర్ట్‌ఫోలియోలో అన్నిటికన్నా బరువైన భాగం అదే అయింది. బటన్ ఎత్తు 40 పిక్సెళ్ళని కోడ్‌లో ముందే కట్టేసి ఉంది, బయటికొచ్చింది కత్తిరించమని కూడా ఉంది. ఇంగ్లీషు అక్షరం ఆ ఎత్తులో హాయిగా సర్దుకుంటుంది. తెలుగులో గుడులు, ఏత్వాలు పైకి పోతాయి, వత్తులు కిందికి దిగుతాయి. స్ట్రేలో అయితే ఒకటి కాదు, రెండు వత్తులు.

మొదట అక్షరం 14 పిక్సెళ్ళకి తగ్గించింది. తెగడం పోయింది, పెద్దాయనకి కనపడటమూ పోయింది. తర్వాత మాట మార్చి ‘పేరు నమోదు’ అని పెట్టింది, కిందికి దిగే వత్తు లేదు కదా అని. నలుగురిలో ఒకావిడ “నమోదంటే ఓటరు లిస్టా?” అంది. మాట మళ్ళీ వెనక్కి వచ్చింది. చివరికి కట్టేసిన ఎత్తు తీసేసి, లోపల పైనా కిందా ఖాళీ ఇచ్చి, లైన్ ఎత్తు అక్షరం సైజుకి 1.6 రెట్లు చేసింది. బటన్ కాస్త లావైంది. ఇంగ్లీషు పేజీలోనూ అదే సైజు ఉంచింది, రెండు భాషల మధ్య మారినప్పుడు పేజీ ఎగిరిపడకుండా.

ఆ దారిలోనే ఇంకొన్ని తేలాయి. ఇంగ్లీషు సైట్లలో శీర్షికల్ని పెద్ద అక్షరాల్లోకి మార్చి, మధ్య దూరం పెంచి స్టైల్ చేస్తారు. తెలుగులో పెద్ద అక్షరాలు లేవు, దూరం పెంచితే పదం విడిపోయి అక్షరాలు ఒంటరిగా నిలబడతాయి. కాబట్టి ముఖ్యమైనదేదో చెప్పడానికి సైజు, మందం, ఖాళీ స్థలం మాత్రమే మిగులుతాయి. మందం దగ్గర ఇంకో చిక్కు. ముందు మండలి ఫాంట్ పెట్టింది, అందంగా ఉంది. కానీ దానికి ఒకటే మందం. బోల్డ్ అడిగితే బ్రౌజర్ తనంతట తాను లావు చేస్తుంది, సున్నాల్లో, తలకట్టుల్లో సందులు పూడిపోతాయి. చాలా మందాలు ఉన్న నోటో సాన్స్ తెలుగుకి మారింది. అందం కొంచెం తగ్గిందని ఇప్పటికీ బాధ తనకి. నాకూనూ.

రంగుల్లో నేను పట్టుబట్టింది ఒక్కటే: మామూలు అక్షరానికీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా 4.5కి 1 అనే నిష్పత్తి కన్నా తగ్గకూడదు. కమిటీవాళ్ళు అడిగిన పసుపు మీద తెల్ల అక్షరం అక్కడే ఆగిపోయింది.

ఫలితం

సైట్ ఆగస్టు చివర్లో బయటికొచ్చింది. మొదటి పేజీ బరువు 6 ఎంబీ పైనుంచి 1 ఎంబీ లోపుకి తగ్గింది. ‘ఎన్నింటికి, ఎక్కడ’ అని అడిగే ఫోన్లు ఈసారి తగ్గాయని కమిటీలో ఫోన్లెత్తే ఆయన చెప్పారు. లెక్క రాసుకోలేదు కాబట్టి కేస్ పేజీలో ‘ఆయన చెప్పారు’ అనే రాయించాను.

పోర్ట్‌ఫోలియోలో ఇప్పుడు ఆ ఒక్క ప్రాజెక్టే. బటన్ మూడు రూపాలు పక్కపక్కన. చివర్లో ఒక ఫ్లెక్స్ ఫొటో, ముఖాలన్నీ మసక చేసి, ఏ వరస ఎందుకలా ఉందో నాలుగు వాక్యాలు. ఫ్లెక్స్ పెట్టడానికి చాలా జంకింది. సర్టిఫికెట్ల పేజీ తీసేశాం.

అప్లికేషన్ల పద్ధతి కూడా మార్చాం. దొరికిన ప్రకటనకల్లా కాకుండా కౌన్సిళ్ళకి (ఇక్కడి స్థానిక ప్రభుత్వాలు), చారిటీలకి సైట్లు చేసే చిన్న ఏజెన్సీలు మాత్రమే. కారణం ఉంది: ప్రభుత్వ సంస్థల సైట్లు అందరూ వాడగలిగేలా ఉండాలని 2018 నుంచి ఇక్కడ నిబంధనలున్నాయి, కాబట్టి వాళ్ళ దగ్గర ఇలాంటి ఆలోచనకి విలువుంటుంది. పంతొమ్మిది పంపింది, నాలుగు చోట్ల పిలిచారు. అక్టోబరు చివర్లో ఒకచోట ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో తెలుగు ఒక్క అక్షరం రాని ఇద్దరు ఆ బటన్ మీద ఇరవై నిమిషాలు మాట్లాడారట. అక్షరం తెగిందని చెప్పడానికి భాష రానక్కర్లేదు. ఫ్లెక్స్ దగ్గర నవ్వుకున్నారు, తర్వాత యూత్ వరస గురించి అడిగారు.

నా పద్ధతే పనిచేసిందని గట్టిగా అనలేను. ఆ కంపెనీకి అప్పుడే చాలా భాషల్లో చేయాల్సిన ఆరోగ్య సమాచారం పని వచ్చిందని చేరాక తెలిసింది. అదృష్టం వాటా ఎంతో నాకు తెలియదు.

తేలనిది

ఈ ఉద్యోగం వీసా సమస్యని తీర్చలేదు. గ్రాడ్యుయేట్ వీసా అయిపోయాక ఇక్కడే ఉండాలంటే కంపెనీ స్పాన్సర్ చేసే స్కిల్డ్ వర్కర్ వీసా కావాలి. దానికి కనీస జీతం 2024 ఏప్రిల్‌లో 26,200 పౌండ్ల నుంచి 38,700కి, 2025 జులైలో 41,700కి పెరిగింది. కొత్తగా ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళకి తగ్గింపు ఉన్నా అదీ ఇప్పుడు 33,400 పౌండ్లు. తన జీతం దానికి కింద ఉంది. నేను చూసే జూనియర్ డిజైనర్ ఉద్యోగాలు ఎక్కువగా అక్కడే ఉంటాయి. 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసే ఎంఏ వాళ్ళకి గ్రాడ్యుయేట్ వీసా 18 నెలలే, అంటే తర్వాత వచ్చేవాళ్ళకి ఇంకా ఇరుకు.

అందుకే ఇప్పుడు ఎవరొచ్చినా పోర్ట్‌ఫోలియో తర్వాత, ముందు వీసా తేదీ అడుగుతున్నాను. అక్కడి నుంచి వెనక్కి నెలలు లెక్కపెడితే ఏ సలహా ఇవ్వొచ్చో, ఏది ఇవ్వకూడదో తెలుస్తుంది. ఆరు వారాల రియాక్ట్ ఆ లెక్కలో నిలిచేది కాదు. ఇంకా ఇండియాలో ఉన్నవాళ్ళయితే కోర్సు మాడ్యూళ్ళ పేజీ తెరిచి, చేతితో చేసేవి ఎన్ని క్రెడిట్లో కూడి చెప్పమంటున్నాను. కూడి చెప్పినవాళ్ళు ఇద్దరు, మనసు మార్చుకున్నది ఒకరు. మొదటి కస్టమర్ ఎవరన్న ప్రశ్న కూడా తొలిరోజే అడుగుతున్నాను. కిరాణా కొట్టు లెక్కల పుస్తకం గీసినవాళ్ళు, పెళ్ళి కార్డులు చేసినవాళ్ళు బయటికొస్తున్నారు. ఏమీ లేనివాళ్ళూ ఉన్నారు, వాళ్ళకి ఈ దారి కుదరదు. వాళ్ళకేం చెప్పాలో ఇంకా వెతుక్కుంటున్నాను.

స వచ్చే నెల మేనేజర్‌తో జీతం, స్పాన్సర్‌షిప్ గురించి మాట్లాడాలి. కుదరకపోతే హైదరాబాద్‌లో ప్రయత్నిస్తానంటోంది, ఆ మాట అన్నప్పుడు గొంతులో మునుపటి టెన్షన్ లేదు. మేనేజర్‌ని ఏం అడగాలో మూడు వాక్యాల్లో రాసి పంపమన్నాను. నిన్న రాత్రి పంపింది. మొదటి రెండూ వాళ్ళకి తన పని వల్ల ఏం ఒరిగిందో, మూడోది అంకె. ఆ అంకెని ఇంకాస్త పెద్ద సైజులో రాయమని తిరిగి పంపాను.